శిలువ దాటాక ఎడమకు

"ఆ కాగితం అక్కణ్నుంచి తియ్యండి ఎవరైనా. కాఫీ ఒలుకుతుంది," అంది గిలేన్.

"ఒలకనీ," అంది సోలాంజ్.

ఎవరూ తియ్యలేదు. నిన్న సాయంత్రం పాత బల్బుల డబ్బాలో సోలాంజ్‌కు దొరికిన ఉత్తరం వంటింటి బల్ల మీద, మూడు కాఫీ గిన్నెల మధ్య, ఇంకా అలాగే ఉంది. అందులో ఉన్నవి నాలుగే వాక్యాలు. ఫెర్నాన్ రూమియు కంటిచూపు పెద్ద బండ్లు నడపడానికి సరిపోదనీ, బస్సు లైసెన్సు కొనసాగించడం కుదరదనీ డాక్టర్లు తేల్చారు. తేదీ మార్చి పదకొండు. ఇప్పుడు అక్టోబరు నడుస్తోంది. ఈ ఏడు నెలలూ ఫెర్నాన్ బస్సు నడుపుతూనే ఉన్నాడు. పక్క సీట్లో అతని భార్య సోలాంజ్ మైకు పట్టుకుని యాత్రికులకు రోమన్ల గురించి చెబుతూనే ఉంది.

ఫెర్నాన్ రొట్టెముక్క కాఫీలో ముంచుకుని తింటున్నాడు. ఇంకో మగాడైతే ఈపాటికి అరిచి ఉండేవాడు, లేదా ఏడ్చి ఉండేవాడు. ఈయనగారు తింటున్నాడు.

"నీకు ఏం కనిపిస్తుందో ముందు అది చెప్పు," అంది సోలాంజ్.

"కనిపిస్తుంది."

"ఏం కనిపిస్తుందని అడిగాను."

"చుట్టూ కనిపిస్తుంది. మధ్యలో కొంచెం మసక. అద్దం మీద ఎవరో బొటనవేలు పెట్టి అద్దినట్టు. తల పక్కకి తిప్పితే సరిపోతుంది."

"రోడ్డుండేది మధ్యలోనే కదయ్యా!"

ఫెర్నాన్ జామ్ సీసా కోసం చెయ్యి చాపాడు. సోలాంజ్ చెయ్యి దానంతటదే ముందుకెళ్లి, సీసాను అతని వేళ్లకు తగిలేటట్టు జరిపి వెనక్కొచ్చింది.

గిలేన్ అతని చెల్లెలు. బస్సులో సగం వాటా ఆమెది. కింద గదిలో కూర్చుని ఫోన్లు ఎత్తేది, గుంపులను కుదిర్చేది ఆమే. ఉత్తరం చూసి ఆమె ఉలిక్కిపడలేదు. ఎంత ఉలిక్కిపడలేదంటే, సోలాంజ్‌కు ఇక వేరే అడగాల్సిన పని లేకపోయింది.

"నీకు మార్చి నుంచే తెలుసు."

"తెలిస్తే ఏం చెయ్యమంటావు వదినా? నాన్న పేరుంది ఆ బస్సు మీద. అన్నయ్య చేతులు కట్టేసి మూల కూర్చోబెట్టమంటావా? ఇరవై ఏళ్ల వయసు నుంచీ ఆ చక్రం తప్ప ఇంకోటి ఎరగడు."

"ముప్పై ఒక్క మంది ఎక్కుతున్నారు గిలేన్."

"రెండు రోజులు. ఉత్తరాది నుంచి ఊళ్లు చూడ్డానికొచ్చిన ఈ బ్రెటన్ పెద్దవాళ్లు గురువారం పొద్దున్నే రైలెక్కేస్తారు. దాంతో సీజన్ అయిపోతుంది. ఆ తర్వాత అన్నయ్య చక్రం ముట్టుకోడు. నాకు మాటిచ్చాడు."

"ఇంకో డ్రైవర్ని చూడు."

"చూడలేదనుకున్నావా? పొద్దున లేస్తూనే నలుగురికి చేశాను. బడి బస్సులకే మనుషులు చాలడం లేదట. మధ్యాహ్నం రెండు దాటితే గానీ ఎవడూ ఖాళీ లేడు."

"అయితే నేను రాను. మీ అన్నాచెల్లెళ్లు చూసుకోండి."

అప్పుడు ఫెర్నాన్ తలెత్తాడు. "నువ్వు రాకపోతే కుదరదు," అన్నాడు.

గొంతులో బతిమాలడం లేదు, బెదిరింపూ లేదు. గిలేన్ గబగబా లేచి గిన్నెలు సింకులో వేసింది. అంత తొందరగా గిన్నెలు తియ్యడం ఆమె జన్మలో లేదు.

సోలాంజ్ ఆ రెంటినీ గమనించింది. గమనించి ఊరుకుంది. నిన్నటి నుంచి ఆమెకు కోపం రావాల్సి ఉంది. పన్ను పీకే ముందు సూది వేయించుకున్నవాళ్లు చెంప తడుముకున్నట్టు, తనలో ఎక్కడైనా నొప్పి ఉందేమోనని తడుముకుని చూసింది. ఏమీ తగల్లేదు. మెడకు రుమాలు కట్టుకుని, మైకు సంచి భుజాన వేసుకుంది.

ఆమె లెక్క ఆమెకుంది. బ్రెటన్లు దిగిన హోటల్ ఆర్ల్‌లో ఉంది. తామున్న బొకేర్ నుంచి అక్కడిదాకా బస్సు ఖాళీగానే వెళ్తుంది. పొద్దున్నంతా ఊళ్లో కాలినడకే. మధ్యాహ్నం పన్నెండున్నరకు గానీ వాళ్లు బస్సెక్కరు. అప్పటిదాకా టైముంది. ఆలోగా ఏదో ఒకటి తోస్తుంది. తోచకపోతే? ఆ ప్రశ్న దగ్గరికి ఆమె వెళ్లలేదు.

*

పెరట్లో మిస్త్రాల్ గాలి కొడుతోంది. బస్సు కుడివైపు సైడు అద్దానికి నిన్న చుట్టిన టేపు ఒక కొస ఊడి పటపట కొట్టుకుంటోంది. గాలికి కొమ్మ తగిలిందని నిన్న ప్రయాణికులకు చెప్పింది సోలాంజే. ఫెర్నాన్ ఆమెకు అలా చెప్పాడు, ఆమె వాళ్లకు అలా చెప్పింది.

ఊరు దాటి తిన్నటి రోడ్డు ఎక్కారు. వెనక నలభై సీట్లూ ఖాళీ.

"చెప్పు," అన్నాడు ఫెర్నాన్.

"ఏం చెప్పను?"

"ఏదైనా. రోజూ చెప్పేదే."

"వినడానికి బస్సులో ఎవరున్నారు?"

"నేనున్నాను కదా."

సోలాంజ్ మాట్లాడలేదు. కిటికీలోంచి ద్రాక్షతోటలు చూస్తూ కూర్చుంది. కోతలైపోయి, ఆకులు తుప్పురంగు తిరిగాయి. నిమిషం గడిచింది. బస్సు నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. ఆఖరికి, ముందు ఏ బండీ లేని తిన్నటి రోడ్డు మీద, నడిమధ్య ఆగిపోయింది.

వెనక కారువాడు హారన్ కొట్టాడు. ఇంకొకడు కొట్టాడు. ఫెర్నాన్ రెండు చేతులూ చక్రం మీద పెట్టి, తల కొంచెం ఎడమకు వంచి, ఎదురుచూస్తున్నాడు. నుదుటి మీద చెమట.

"సర్కిల్ ఇంకా రెండొందల మీటర్లుంది," అంది సోలాంజ్. ఆ మాట ఆమె అనుకోకుండానే వచ్చేసింది. "కుడి పక్క నీళ్ల ట్యాంకు వస్తుంది. దాని తర్వాత."

బస్సు కదిలింది.

నీళ్ల ట్యాంకు వచ్చింది, సర్కిల్ వచ్చింది, ఫూర్క్ వంతెన వచ్చింది. ఒక్కొక్కటీ రాకముందే చెప్పింది సోలాంజ్. చెబుతున్నంతసేపూ బస్సు పెళ్లిబండిలా నున్నగా పోయింది.

"నిన్న శిలువ మాట వదిలేశావు," అన్నాడు ఫెర్నాన్, వంతెన మీద.

"దగ్గొచ్చింది."

"తెలుసు."

అంతే. నిన్నటి అద్దం గురించి ఆ ఇద్దరి మధ్య జరిగిన సంభాషణ అంతకు మించి లేదు.

నాలుగేళ్ల కిందట, ఒక వసంతంలో, ఫెర్నాన్ ఆమెను ఒక కోరిక కోరాడు. ఫోంవియేయ్ ఊరు దాటాక మలుపు దగ్గర ఒక పాత రాతి శిలువ ఉందనీ, దాని గురించి కూడా రెండు ముక్కలు చెబితే బాగుంటుందనీ అన్నాడు. తర్వాత చెట్ల వరస గురించి అడిగాడు. తర్వాత దారిలోని మఠం చుట్టూ ఒకప్పుడుండే నీళ్ల గురించి. పందొమ్మిదేళ్లు పక్కనే కూర్చుని ఒక్కమాటా వినని మనిషి, ఉన్నట్టుండి వినడం మొదలెట్టాడు. వరస తప్పితే సరిదిద్దేవాడు కూడా. సోలాంజ్ ఆనందానికి పట్టపగ్గాల్లేకపోయాయి. ఆ ఆదివారం ఉప్పుచేప నానబెట్టి, వెల్లుల్లి నూరి, చెయ్యి నొప్పి పుట్టేదాకా నూనె గిలకొట్టి ఐయోలీ చేసింది. ఇన్నాళ్లకు మా ఆయనకు నా మాట రుచించిందని గిలేన్‌తో చెప్పుకుంది. గిలేన్ నవ్వింది.

ఇప్పుడు ఆ ఆదివారం గుర్తొచ్చింది. సిగ్గు పడాల్సింది అక్కడేనని తెలుస్తోంది. సిగ్గు కూడా రాలేదు.

*

"ఈ ఊళ్లో వెన్న అనేది దొరకదా మేడమ్?" అని అడిగింది మదాం కెర్వెల్లా, ఆర్ల్ అరేనా మెట్ల మీద. "మూడు రోజులైంది. రొట్టె మీద నూనె, చేప మీద నూనె, ఆకుల మీద నూనె. నా మోకాళ్లకు తప్ప అన్నిటికీ రాశారు."

చుట్టూ ఉన్న ముసలాళ్లు నవ్వారు. సోలాంజ్ కూడా నవ్వింది. నవ్వు ఎక్కడ రావాలో నోటికి తెలుసు.

"ఇరవై వేల మంది ఇక్కడ కూర్చుని చూసేవాళ్లు," అంది. "ఆట ముగిశాక అంతమందినీ రోమన్లు చూస్తుండగానే బయటికి పంపేసేవాళ్లు. మా బస్సులోంచి మీరు ముప్పై ఒక్క మంది దిగడానికి పావుగంట పడుతోంది."

మళ్లీ నవ్వారు. ఆమె గొంతు రాళ్ల మధ్య తిరిగి ఆమెకే వినిపించింది. ఎవరిదో గొంతు, బాగా చెబుతోంది.

ఫొటోల కోసం అందరూ చెదిరాక, మదాం కెర్వెల్లా కదల్లేదు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. నలభై ఏళ్లు బడిలో పిల్లల్ని కనిపెట్టుకుని ఉన్న పంతులమ్మ. బస్సులో ముందు వరస, కుడి పక్క కిటికీ సీటు ఆమెది. ఎవరొచ్చినా ఇవ్వదు.

"ఒక సంగతి అడుగుతాను, ఏమీ అనుకోకండి," అంది. "మీ ఆయనకి నేనంటే ఏమైనా కోపమా?"

"ఎందుకండీ?"

"పొద్దున హోటల్ ముందు చెయ్యి ఊపాను. ఇంత దూరంలో ఉన్నారు. పలకలేదు. సరే, పొగరనుకున్నాను. వెనక నుంచి బోంజూర్ అంటే మాత్రం గిర్రున తిరిగి, పేరు పెట్టి పలకరించారు. చెయ్యి ఊపితే పలకరు, నోరు తెరిస్తే పలుకుతారు. మా ఊళ్లో అయితే దీన్ని తలబిరుసు అనరు."

"ఏమంటారు?"

"మీరే చెప్పండి. పక్కనే కూర్చుంటారు కదా."

సోలాంజ్ చేతిగడియారం చూసుకుంది. "ఇంకో పది నిమిషాల్లో కదలాలండీ," అంది.

మదాం కెర్వెల్లా ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. తప్పు చేసిన పిల్ల ఒప్పుకోవడానికి సందిస్తే ఎంతసేపు ఇవ్వాలో అంతసేపే ఇచ్చి, కర్ర తీసుకుని మెట్లు దిగింది.

సోలాంజ్ గోడ వారకు వెళ్లి గిలేన్‌కు ఫోన్ చేసింది.

"డ్రైవర్ దొరికాడా?"

"రెజీ అని ఒకతను రెండింటికి వస్తానన్నాడు. అప్పటిదాకా వాళ్లని అక్కడే ఉంచగలవా?"

"సాఁ రెమీలో ఒంటిగంటకు భోజనం చెప్పి ఉంది. ఏమని ఆపను?"

"అందుకే అంటున్నాను, ముప్పై కిలోమీటర్లు కూడా లేదు. నీ పాటికి నువ్వు మామూలుగా చెప్పుకుంటూ పో వదినా. నువ్వు చెబితే అన్నయ్య ఎక్కడా తప్పడు."

సోలాంజ్ ఊపిరి తీసుకుంది. "అంటే అది కూడా నీకు తెలుసు."

అటుపక్క గిలేన్ ఫోన్ పెట్టేసింది.

*

పన్నెండున్నరకు రోన్ నది గట్టు మీద బస్సు ఆగి ఉంది. సోలాంజ్ తలుపు దగ్గర నిలబడి, ఎక్కేవాళ్లను ఎప్పట్లాగే భుజం తట్టి లెక్కపెట్టింది. ముప్పై ఒకటి. ఒక్కరైనా తప్పిపోతే బాగుండునని ఇరవై మూడేళ్లలో మొదటిసారి అనుకుంది. వెతుక్కుంటూ రెండింటిదాకా నెట్టొచ్చు. బ్రెటన్లు ఒక్కరూ తప్పిపోలేదు.

ఫెర్నాన్ ఇంజిన్ తిప్పాడు. ఆమె పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. మైకు దాని కొక్కానికి వేలాడుతోంది. తియ్యలేదు.

అతను ఆగాడు. ఆమె ఒళ్లో చేతులు పెట్టుకుని ముందుకు చూస్తోంది.

"చెప్పు," అన్నాడు మెల్లగా.

"చెప్పను."

"సోలాంజ్."

"నేను చెబితే ఈ బస్సు కదులుతుంది. అందుకని చెప్పను."

"రెండు రోజులు."

"రెండు నిమిషాలు కూడా చెప్పను."

వెనక గుసగుసలు మొదలయ్యాయి. ఆకలేస్తోందని ఒకరన్నారు. ఏసీ వెయ్యమని ఒకరన్నారు. డాష్‌బోర్డు మీద గడియారం ఐదు నిమిషాలు జరిగింది. ఆ ఐదు నిమిషాల్లో మొగుడూ పెళ్లాం ఒకరినొకరు చూసుకోలేదు. అరుచుకుని ఉంటే ఇద్దరికీ తేలిగ్గా ఉండేది.

ఫెర్నాన్ చెయ్యి చాపి గాల్లో తడిమాడు. ఒకసారి తప్పింది. రెండోసారి మైకు చేతికి దొరికింది.

"బోంజూర్, మిత్రులారా," అన్నాడు. "బెల్టులు పెట్టుకోండి. రోమన్లకు బెల్టుల్లేవు. అందుకే ఇప్పుడు రోమన్లూ లేరు."

అది సోలాంజ్ జోకు. ఆమె ఆగే చోటే ఆగాడు. బస్సంతా నవ్వింది. డ్రైవరుగారికి కూడా నోరుందే అని వెనకెవరో చప్పట్లు కొట్టారు.

"ఊరు దాటగానే ఎడమ పక్క గుట్ట మీద మోన్‌మజూర్ మఠం కనిపిస్తుంది. ఒకప్పుడు దాని చుట్టూ నీళ్లే. సన్యాసులు పడవల్లో వచ్చేవాళ్లు." గేరు కర్ర మీద చెయ్యి వేశాడు. "పడవలు అని ఆమె అనగానే నేను గేరు తగ్గిస్తాను. అక్కణ్నుంచి రోడ్డు సన్నబడుతుంది."

నవ్వు ఇంకా కొంచెం మిగిలే ఉంది. ఇదీ జోకేననుకున్నారు.

"తర్వాత ప్లాటాన్ చెట్లు. ఇవి నాటినవాళ్లెవరూ వీటి నీడలో కూర్చోలేదు. నీడ అనగానే చక్రం కదపకుండా పట్టుకుంటాను. తొమ్మిది దాకా లెక్కపెడతాను. తొమ్మిదికి ఊరు వస్తుంది."

బస్సు వెనక భాగంలో మాటలు ఆగిపోయాయి. బస్సు ఆగిన చోటే ఉంది. ఇంజిన్ సన్నగా వణుకుతోంది.

"ఊరు దాటాక కుడి పక్క రాతి శిలువ. మహమ్మారి ఇటు రాకుండా ఊరివాళ్లు నిలబెట్టారట. శిలువ దాటాక ఎడమకు." అతని గొంతు ఎక్కడా పెరగలేదు, తగ్గలేదు. చదివి వినిపిస్తున్నట్టు ఉంది. "నిన్న ఆమెకు దగ్గొచ్చింది. శిలువ మాట చెప్పలేదు. అద్దానికి తగిలింది కొమ్మ కాదు."

అతను తాళం తిప్పాడు. ఇంజిన్ ఆగింది. మైకు ఒళ్లో పెట్టుకుని, చక్రం మీద చేతులు వేసి కూర్చున్నాడు.

ఎవరూ కేకలు వెయ్యలేదు. ఒకాయన లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నాడు. ఒకావిడ తన పక్కనున్న మొగుడి చెయ్యి పట్టుకుంది. ముప్పై ఒక్క మందీ ఫెర్నాన్ మెడ వెనక భాగం కాసేపు చూశారు. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, చూపులన్నీ పక్క సీటు మీదికి తిరిగాయి.

"మేడమ్," అంది మదాం కెర్వెల్లా. "నిన్న మేం ఈ బస్సెక్కినప్పుడు మీకు తెలుసా?"

ఉత్తరం దొరికింది నిన్న సాయంత్రం, వీళ్లను హోటల్లో దింపి ఇంటికెళ్లాక. తెలియదంటే అబద్ధం కాదు. ఆ ఒక్క మాటతో తను బయటపడుతుంది. రేపు ఎవరెవరో వచ్చి అడిగినా అదే మాట. బల్బుల డబ్బా చూపించొచ్చు.

సోలాంజ్‌కు బల్బుల డబ్బా గుర్తు రాలేదు. జామ్ సీసా గుర్తొచ్చింది. అది ఎప్పుడూ అతని చేతికి జానెడు దూరంలోనే ఉంటుంది. ఎవరు పెడుతున్నారు? గ్లాసు పక్కన ఒలికిన వైన్ ఎన్నిసార్లు తుడిచింది? కుర్చీలు ఉన్నచోటు నుంచి జరపొద్దని గిలేన్‌ను ఎన్నిసార్లు కసిరింది? అతని చొక్కా గుండీలు ఎందుకు తనే పెడుతోంది? తుడిచింది, కసిరింది, పెట్టింది. ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. అడిగితే అతను చెప్పేవాడు. అతను చెబితే శిలువ మాట ఎందుకు కోరాడో కూడా చెప్పేవాడు. అప్పుడు ఐయోలీ చేసిన ఆ ఆదివారం ఆమె చేతిలోంచి పోయేది. అది పోకుండా దాచుకుంది. దాని మీద ముప్పయ్యేసి మందిని కూర్చోబెట్టి ఊళ్లు తిప్పింది.

అప్పుడు నొప్పి తగిలింది. ఎక్కడో ఒకచోట కాదు, ఒళ్లంతా.

"తెలుసు," అంది.

ఫెర్నాన్ తల తిప్పాడు. ముఖంలోకి చూస్తున్నాననుకుని, ఆమె చెవి పక్కనున్న కిటికీని చూశాడు. నాలుగేళ్లు ఇంట్లో ప్రతి మెట్టూ లెక్కపెట్టి దిగిన మనిషి. ప్రతి గ్లాసూ ఆచితూచి ఎత్తిన మనిషి. అంతా ఈ ఒక్క మనిషికి తెలియకూడదనే.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

చాలా నెమ్మదిగా, ఆమెకు మాత్రమే వినపడేట్టు అడిగాడు. ఒళ్లో మైకు ఇంకా ఆపలేదు. ముప్పై ఒక్క మందికీ వినిపించింది.